అందరూ ఫాంటెనోలే

డాక్టర్ ఆల్సిడ్ మెటోయేగారికి మనుషుల పేర్లు గుర్తుండవు. ఇదేదో మామూలు మతిమరుపు అనుకునేరు. మామూలు మతిమరుపువాళ్ళు మనల్ని ఇవాళ ఒక పేరుతో పిలుస్తారు, రేపు ఇంకో పేరుతో పిలుస్తారు. ఈయన అలా కాదు. తన దగ్గర వైద్యం నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి విద్యార్థినీ, ఆడైనా మగైనా, పొడుగైనా పొట్టైనా, ఒకే ఒక్క పేరుతో పిలిచేవారు. ఫాంటెనో.

న్యూ ఆర్లిన్స్ పెద్దాసుపత్రి వార్డులో నిలబడి పొద్దున్నే "ఫాంటెనో!" అని ఆయనొక కేక పెడితే, ఉన్నవాళ్ళమంతా ఒక్కసారే "సార్!" అనేవాళ్ళం.

"అంతమంది ఎందుకు? ఒక్క ఫాంటెనో చాలు."

"ఏ ఫాంటెనో సార్?"

"పనిలేని ఫాంటెనో."

అంతే, క్షణంలో వార్డు ఖాళీ.

అసలు ఫాంటెనో అనేవాడెవడు? వెనకటికి ఆయన పెంచుకున్న కుక్క పేరని నర్సులు చెప్పేవారు. ఆయన్ని కాదని ఎవరినో పెళ్ళాడిన పిల్ల ఇంటిపేరని క్యాంటీన్ వాళ్ళు గట్టిగా వాదించేవారు. ఆయన్నే అడిగితే, "అదేమిటి, నువ్వే కదూ?" అని మన నాడి పట్టుకుని చూసేవారు.

మా జట్టులో గ్రేడన్ ఎల్స్‌వర్త్ అనే కుర్రాడుండేవాడు. ఒట్టి గ్రేడన్ ఎల్స్‌వర్త్ కాదు, ఆ పేరు గలవాళ్ళలో మూడోవాడు. వాళ్ళ తాత పేరు ఆసుపత్రి నాలుగో అంతస్తు గోడమీద ఇత్తడి అక్షరాల్లో ఉంటుంది. అలాంటివాడు మొదటిరోజే పాపం నోరు విప్పాడు.

"సార్, నేను ఫాంటెనో కాదు, ఎల్స్‌వర్త్‌ని. నాలుగో అంతస్తుకి పెట్టింది మా తాతగారి పేరే."

"అలాగా! అయితే దారి బాగా తెలిసే ఉంటుంది. పరుగెత్తుకెళ్ళి అక్కణ్ణుంచి రక్తపరీక్ష రిపోర్టులు పట్టుకురా, ఫాంటెనో."

ఇలా నవ్వుకుంటూ రోజులు గడిచిపోతుండగా సిఫార్సు ఉత్తరాల కాలం వచ్చిపడింది. మా చదువు ముగిసేముందు, ఏ ఆసుపత్రిలో రెసిడెంటు డాక్టరుగా చేరాలన్నా దరఖాస్తుతోపాటు పెద్ద డాక్టర్ల ఉత్తరాలు పంపాలి. ఆ ఉత్తరాల్లో ఏముందో మేం చూడకూడదు. ఎవరిది పంపాలో, ఎవరిది మానాలో మాత్రం మా ఇష్టం. కళ్ళకు గంతలు కట్టి పెళ్ళికొడుకుని ఎంచుకోమన్నట్టే.

నా గదిలో ఉండే డెల్ఫీన్ పీకూకి ఆ బెంగతో అన్నం సయించేది కాదు. వాళ్ళ నాన్న ట్రాం నడుపుతాడు. వాళ్ళమ్మకి జబ్బు చేస్తే ఒక టర్మ్ చదువు మానేసి ఇంట్లో ఉండిపోయింది. మార్కులు అంతంతమాత్రం. కాబట్టి ఉత్తరం గట్టిది ఉండాలి. మిగతావి కుదిరాయి గానీ ఒక్కచోట ఆగిపోయింది. సర్జరీ విభాగం పెద్ద డాక్టర్ హ్యూమ్‌గారిదా, మెటోయేగారిదా?

"ఇందులో ఆలోచించడానికేముంది? హ్యూమ్‌గారి పేరు చెబితే దేశమంతా లేచి నిలబడుతుంది" అన్నాను.

"ఆయనకి నేనెవరో తెలీదు, ఒడెట్. ఆయన ఆపరేషన్లు చేస్తుంటే కోత మూసుకోకుండా కొక్కెం పట్టుకుని నిలబడ్డానంతే."

"మెటోయేగారికి మాత్రం తెలుసా? ఆయన బ్రహ్మాండంగా రాస్తాడు. ఫాంటెనో గురించి. ఉద్యోగం కూడా ఆ ఫాంటెనోకే వస్తుంది."

అయినా దాని మనసు ఊరుకోలేదు. సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో రాజ్మా అన్నం తింటున్న మెటోయేగారి ఎదుట నిలబడింది.

"సార్, ఒక ఉత్తరం రాసిపెడతారా?"

"ఎవరికి?"

"నాకే సార్."

"ఎదురుగా ఉన్నావుగా, ఉత్తరమెందుకు? చెప్పు ఫాంటెనో, ఏం కావాలి?"

సంగతి విని, రాస్తానన్నారు. డెల్ఫీన్ ముందుజాగ్రత్తగా ఒక చీటీ మీద తన పేరు పెద్దక్షరాలతో రాసి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని శ్రద్ధగా చదివి, మూతికంటిన కారం సాసు దాంతో తుడుచుకుని, పళ్ళెం పక్కన పెట్టారు.

"అయిపోయింది. హ్యూమ్‌గారిదే పంపుతాను" అంది డెల్ఫీన్ ఆ సాయంత్రం, ముక్కు చీదుకుంటూ.

ఆ వారంలోనే మిసెస్ లామార్ట్ అనే పెద్దావిడ వార్డులో చేరింది. ఊళ్ళో పాతకాపు. ఆసుపత్రి మంచం మీద కూడా ముత్యాల గొలుసుతోనే పడుకునేది. డెల్ఫీన్ రక్తం తియ్యడానికి వెళ్తే చెయ్యి దుప్పట్లో దాచేసుకుంది.

"ఎవరమ్మాయివి నువ్వు? మీ ఇంటిపేరేమిటి? నాకు ఆ ఎల్స్‌వర్త్ కుర్రాణ్ణి పంపండి. వాళ్ళ తాత నాకు బాగా తెలుసు."

వెనకాలే నాతోపాటు నిలబడ్డ గ్రేడన్ మొహం పాలిపోయింది. సూది పట్టుకుంటే వాడి చెయ్యి వణుకుతుంది. వాడు సూది గుచ్చితే మొదట పేషెంటు మూలిగేది, తర్వాత వాడు మూలిగేవాడు. మా అందరిలోకీ సూదికి మంచి చెయ్యి డెల్ఫీన్‌దే. అది ఇంటిపేరు చెప్పబోతుండగా మెటోయేగారు తెర తప్పించుకుని లోపలికొచ్చారు.

"ఎల్స్‌వర్తా? నా దగ్గర అలాంటివాళ్ళెవరూ లేరమ్మా. ఇదిగో, ఈమె ఫాంటెనో. వీడూ ఫాంటెనోయే."

"అన్నాచెల్లెళ్ళా?"

"ఒకరకంగా అంతే."

"కుటుంబం మంచిదేనా?"

"ఈ ఊళ్ళో ఇంతకంటే మంచి కుటుంబం నేనెరగను."

పెద్దావిడ దుప్పట్లోంచి చెయ్యి తీసి చాపింది. డెల్ఫీన్ ఆవిడ మనవరాలి కబుర్లు అడుగుతూ అడుగుతూ రక్తం తీసేసింది. "ఇంకా గుచ్చలేదేమమ్మా?" అంటోందావిడ. సీసా అప్పటికే గ్రేడన్ చేతిలో లాబ్‌కి వెళ్ళిపోయింది.

డెల్ఫీనూ నేనూ వరండాలోకి రాగానే వెనకనుంచి మెల్లగా పిలుపు.

"డెల్ఫీన్ మేరీ పీకూ."

డెల్ఫీన్ రాయిలా ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను.

"మనవరాలి సంగతి అడిగావు చూడు, అది నేను నేర్పింది కాదే. ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా నాన్న దగ్గర సార్. ట్రాం ఎక్కినవాళ్ళందరితోనూ మాట్లాడతాడు."

"సార్!" అన్నాను నేను. "మీకు మా పేర్లు తెలుసా?"

"ఒడెట్ గిడ్రీ. కాఫీలో నాలుగు చెంచాల చక్కెర. తగ్గించు."

"మరైతే ఇన్నాళ్ళూ..."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఈ ఊళ్ళో ఇంటిపేరు చెప్పగానే మనిషిని తూకం వేసేస్తారమ్మా. నేను చదువుకునేటప్పుడు మా ప్రొఫెసరు కొందరిని పేరుపెట్టి పిలిచేవాడు. మిగతావాళ్ళని వేలుపెట్టి చూపించేవాడు. నన్ను ఎప్పుడూ వేలే. నా వార్డులో ఆ బాధ వద్దనుకున్నాను. ఎవరికీ చెప్పకండేం! ముసలాడికి మతి పోయిందని మీటింగులకి కూడా పిలవడం మానేశారు. హాయిగా ఉంది."

డెల్ఫీన్ ఆ మధ్యాహ్నమే మెటోయేగారు రాసిచ్చిన ఉత్తరం పంపించింది. హ్యూమ్‌గారిది పక్కన పెట్టేసింది.

మార్చిలో ఫలితాలొచ్చాయి. ఎవరికి ఏ ఆసుపత్రో చెప్పే కవర్లు అందరం ఒకేసారి చింపుకున్నాం. డెల్ఫీన్‌కి మా ఊళ్ళోనే, ఆ పెద్దాసుపత్రిలోనే వచ్చింది. వాళ్ళ నాన్న కూతుర్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. విందు కోసం ఆసుపత్రి ఆవరణలో బల్లలమీద కాగితాలు పరిచి, ఎర్రగా ఉడికిన క్రాఫిష్ రొయ్యలు గుట్టలుగా కుమ్మరించారు. గ్రేడన్‌కి నెబ్రాస్కాలో ఎక్కడో ఒక చిన్న ఊరు వచ్చింది. వాళ్ళ నానమ్మ ఆ ఊరి పేరు పదేపదే అడుగుతోంది, ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోతోంది.

నేను వాణ్ణి పక్కకి లాగాను. "హ్యూమ్‌గారు మీ తాతకి ప్రాణస్నేహితుడు కదా! ఆయన ఉత్తరం పంపితే ఎక్కడ కావాలంటే అక్కడ వచ్చేదిగా?"

"పంపలేదు. మెటోయేగారిదే పంపాను."

"అదేం?"

"హ్యూమ్‌గారి ఉత్తరం తెరవక్కర్లేదు, అందులో మా తాతే ఉంటాడు." గ్రేడన్ సిగ్గుపడుతూ నవ్వాడు. "మెటోయేగారి వార్డులో ఉన్నన్నాళ్ళూ నేనెవరి మనవణ్ణో ఎవరికీ పట్టలేదు ఒడెట్. తప్పు చేస్తే నన్నే తిట్టారు. బాగా చేస్తే నన్నే మెచ్చుకున్నారు. అంత హాయి నాకెప్పుడూ లేదు. పాపం, ఆయనకి ఆ మతిమరుపు లేకపోతే ఎంత పెద్దవాడయ్యేవాడో!"

"అవును, పాపం" అన్నాను, నవ్వు దిగమింగుకుని.

ఈలోగా డెల్ఫీన్ వాళ్ళ నాన్న వచ్చి గ్రేడన్‌ని చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కుపోయాడు. వాడు ఒక క్రాఫిష్ తీసుకుని, తోక ఒలుచుకుని, తల అవతల పారేశాడు.

"అయ్యయ్యో, అదేం పనయ్యా! రుచంతా తలకాయలోనే ఉంటుంది. పట్టుకో, ఇలా నొక్కు, ఇలా పీల్చు. నెబ్రాస్కాలో ఇంక నీకెవరు నేర్పుతారు?"

గ్రేడన్ నొక్కాడు, పీల్చాడు. కారం నషాళానికంటి దగ్గాడు. మోచేతులదాకా కారిన పులుసుతో ఇంకోటి అందుకున్నాడు.