శనివారం నా గది నాది కాదు

"ఉండు బాబూ, ఎన్నాళ్ళయినా ఉండు. నిన్ను లెగమన్నవోడు ఈ కొండ మీద లేడు."

ఈ మాట మా ఇంటామె సుక్రమ్మత్తది. నవంబరు మొదట్లో వాకిట్లో చోళ్ళు చెరుగుతూ, చేట ఆపకుండా అంది. ఇది నేను గోదాములో కాఫీ బస్తాల మీద బోర్లా పడుకుని రాస్తున్నాను కాబట్టి, ఆ మాట ఏమైందో మీకు అర్థమయ్యే ఉంటుంది. తప్పంతా పెట్టుబడిదారీ వ్యవస్థది అని మొదలుపెడదామనుకున్నాను. కానీ జరిగింది జరిగినట్టు రాస్తుంటే చాలా భాగం నాదేనని తేలుతోంది.

మాది పాచిపెంట వైపు కొండ ఊరు. అరకులో కాఫీ గింజలు కొనే గోదాములో గుమాస్తా ఉద్యోగం దొరికింది. పొద్దున్న ఏడింటికల్లా కాటా దగ్గర ఉండాలి. రెండుసార్లు ఆలస్యమైతే మూడోసారి రానక్కర్లేదని మేనేజరు మొదటి రోజే చెప్పేశాడు. కాబట్టి ఇక్కడే గది కావాలి.

అరకు చూడ్డానికి చిన్న ఊరే. అద్దెలు మాత్రం మహానగరానివి. మొదటి ఇంటాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నెలకా? నెల లెక్క మర్చిపోయాం బాబూ. ఇప్పుడంతా రాత్రి లెక్కే."

రెండో ఆయన కాస్త దయగలవాడు. "సోమవారం నుంచి గురువారం దాకా ఉండు. శుక్రవారం మజ్జానం సామాను మంచం కిందకి తోసీసి ఎటైనా పో. ఆదివారం సాయంత్రం మళ్ళీ రా."

"మధ్యలో నేనెక్కడుండాలండీ?"

"పెళ్ళి కాలేదు కదా. ఎక్కడైనా ఉండొచ్చు."

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు సరుకు కాదు, హక్కు అన్నాను. ఆయన తలుపు వేస్తూ, "హక్కుకి గీజరుండదు బాబూ, గదికుంది" అన్నాడు.

చివరికి దారి చూపించింది మా గోదాము వాచ్‌మన్ డొంబు మావ. "పైకెళ్ళు అల్లుడూ. టూరిస్టు నడవడు. బండెళ్ళినంత మేరే అద్దె. దాని పైనంతా మనకే."

ఎన్నో లావుపాటి పుస్తకాలు చదివాను. ఇంత ముక్క ఒక్కదాంట్లోనూ లేదు.

తారు రోడ్డు అయిపోయాక బండరాళ్ళ మీద అరగంట నడిస్తే సుక్రమ్మత్త ఇల్లు. వెనకాల మట్టి గోడల గది, పైన రేకు. కిటికీ తెరిస్తే లోయ మొత్తం, దాని మీద మంచు. నీళ్ళు లేవు, ఊట దాకా ఎక్కి తెచ్చుకోవాలి. అద్దె ఎంతత్తా అంటే, "సంతకెళ్ళినపుడు నాకు ఉప్పూ నూనే తెచ్చిపెట్టు, సాలు" అంది. పైన రాసిన మాట ఇచ్చింది అప్పుడే.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ఆ కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతుండేవాణ్ణి.

మొదటి ఆదివారం నీళ్ళ సంగతి పట్టుకున్నాను. మా ఊళ్ళో ఊట నుంచి గొట్టం వేసి వాకిట్లోకి దింపుకుంటాం. మోటారు అక్కర్లేదు, వాలు చాలు. ఊరివాళ్ళని పిలిచాను. మా కొండల్లో పనికి పిలిస్తే ఇంటికొకరు గునపం పట్టుకుని వస్తారు. కూలి అడగరు, అందరికీ అంబలి పోస్తే చాలు. సాయంత్రానికి వాకిట్లో నీళ్ళు పడ్డాయి. నేను ఒక రాయెక్కి, నీరు ప్రజల సొత్తని, కష్టపడినవాడిదే ఫలితమని అరగంట మాట్లాడాను.

"బేగి దిగు బాబూ, ఆ రాయి మీద బట్టలుతుక్కోవాల" అంది ఎవరో ఆవిడ.

రెండో ఆదివారం దారి. కాన్పు నొప్పులొస్తే ఆడవాళ్ళని డోలీలో మోసుకుపోవడం ఏమిటని ఊగిపోయాను. అందరం కలిసి బండలు దొర్లించాం. ఇప్పుడు జీపు నేరుగా ఊళ్ళోకి వస్తుంది, డోలీ అటక ఎక్కింది. ఆ పని మాత్రం నేను వెనక్కి తీసుకోను.

మూడో ఆదివారం చేతులు ఊరుకోక, నా గది గోడ మీద నా ఎత్తు అక్షరాలతో సున్నం పెట్టి రాశాను: ఈ కొండ అమ్మకానికి లేదు.

డొంబు మావ చూడ్డానికి వచ్చాడు. "బావుంది అల్లుడూ. బండి ఎంతవరకు వత్తంది?"

"వాకిట్లోకే మావా."

"ఊఁ" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

మొన్న శనివారం పని దిగి వచ్చేసరికి వాకిట్లో ఎర్ర కారు. నా పుస్తకాలు అరుగు మీద పేర్చి, మంచుకి తడవకుండా నా దుప్పటే కప్పి ఉన్నాయి. నా నినాదం ముందు వైజాగ్ జంట ఒకటి సెల్ఫీ తీసుకుంటోంది.

"బ్రో, కొంచెం పక్కకి. లెటర్స్ కవర్ అవుతున్నాయి" అన్నాడు అతను.

జరిగాను. ఎందుకు జరిగానో ఇప్పటికీ తెలీదు.

"చాలా బాగుంది. ఎవరు రాశారు?" అంది ఆ అమ్మాయి.

"నేనే" అన్నాను. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, దాచడం ఎందుకు.

సుక్రమ్మత్త పొయ్యి దగ్గర వాళ్ళ స్నానానికి నీళ్ళు కాస్తోంది.

"ఏటత్తా ఇది?"

"రెండ్రాత్రులే బాబూ. పాపం, సలికి వణికిపోతన్నారు."

"నేనూ వణుకుతున్నాను."

"నువ్వు కొండోడివి."

"ఎన్నాళ్ళయినా ఉండమన్నావు కదా?"

"అన్నాను. ఇంత పైకి ఎవడెక్కుతాడని అన్నాను. దారెవలేసినారు?"

నా చివరి అస్త్రం తీశాను. "ఆ నీళ్ళు తెచ్చింది నేనత్తా. కష్టపడినవాడిదే ఫలితం."

"గొట్టం నువ్వు తెచ్చినావు. ఈ గోడలకి మన్ను తొక్కింది నాను, మెత్తింది నాను. కష్టపడినోళ్ళదేనని నువ్వే కదా రాయెక్కి సెప్పినావు. నాను ఇన్నాను."

ఆ రోజు నా ఉపన్యాసం విన్న మనిషి ఈవిడొక్కతేనని అప్పుడు తెలిసింది.

"రేకు మార్సాల బాబూ. వానొస్తే తడిసేవి నీ పుస్తకాలే కదేటి" అని, వేణ్ణీళ్ళ బకెట్ నా వైపు తోసింది. "ఇది వాళ్ళకిచ్చిరా. జాగర్త, కాల్తాది."

ఇచ్చొచ్చాను.

ఆ వారాంతం గోదాములో గడిచింది. కాటా పది అడుగుల దూరం, ఆలస్యం అయ్యే ప్రశ్నే లేదు. కానీ వారానికి రెండు రాత్రులకి మించి నన్ను చూడనట్టు ఊరుకోలేనని డొంబు మావ తేల్చేశాడు. మేనేజరు కంటబడితే గదితో పాటు ఉద్యోగమూ పోతుంది. అత్త దగ్గరేమో సెలవులకి వారం మధ్యలో కూడా బుకింగులు మొదలయ్యాయి.

అందుకే విజ్ఞాపన పత్రం రాశాను. నా గది నెల లెక్కా, రాత్రి లెక్కా డిసెంబరు పదిహేను లోగా తేల్చాలి. లేకపోతే గోడ ముందు బైఠాయిస్తాను. ఆవిడకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. ఆఖరి దాకా శ్రద్ధగా వింది.

"బాగా రాసినావు. కూకో, వాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. ఆ తేదీ మాత్రం మార్సు. అప్పుడు నిండా జనం, నాకు మాటాడ్డానికి కాళీ ఉండదు."

సవరించిన ప్రతి ఇది: సుక్రమ్మత్త గారు మంచు తగ్గి, కార్లు రావడం ఆగాక, తమకు వీలైన పూట నా గది సంగతి తేల్చి చెప్పాలని గట్టిగా డిమాండ్ చేస్తున్నాను. తుది గడువు, ఫిబ్రవరి పది.