బయటివైపు గడియ

ఆ బజారులో అందరూ ఆయన్ని తాళాలాయన అనే పిలిచేవారు. అసలు పేరంటూ ఒకటి ఉన్నా, భార్య కూడా బయట "మా తాళాలాయన" అనే చెప్పుకునేది. రెండు పెద్ద దుకాణాల మధ్య మెట్ల కిందున్న ఇరుకు చోటే ఆయన కొట్టు. ఒకరు కూర్చుంటే రెండోవాళ్లు నిలబడాల్సిందే. కొక్కేలకు వేలాడే తాళంచెవులు, వాటిని అరగదీసే యంత్రం, ఒక స్టూలు, అంతే సరంజామా. మనిషి మహా మాటకారి. తాళంచెవి పోగొట్టుకుని ఏడుపుముఖం పెట్టుకొచ్చినవాళ్లను "పోయింది చెవేగా, ఇల్లు అక్కడే ఉందిగా!" అని నవ్వించి పంపేవాడు.

చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మేనమామ చేరదీసి పెంచాడు. పనీ ఆయనే నేర్పాడు. పనికంటే ముందు ఒక కట్టుబాటు నేర్పాడు. "జనం మనల్ని ఇంట్లోకి రానిచ్చేది నమ్మకం మీదరా. లోపల ఏం చూసినా గడప దాటగానే మర్చిపో. మన నోరు లేచిందా, మన పొట్ట మనమే కొట్టుకున్నట్టు."

తాళాలాయన ఆ మాట ఇన్నేళ్లూ జవదాటలేదు. ఆలుమగలు అరుచుకుంటున్న ఇళ్లలో తాళాలు మార్చాడు. అన్నకు తెలియకుండా తమ్ముడు బీరువా తెరవమంటే తెరిచాడు. ఎక్కడా పెదవి విప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన కొట్టుకు వచ్చాడు. ఇంట్లో ఒక గది తలుపుకు గట్టి గడియ పెట్టి తాళం బిగించాలని మెత్తగా, మర్యాదగా చెప్పాడు. తాళాలాయన సామాను సంచీ భుజాన వేసుకుని వెంట నడిచాడు. పక్క వీధిలోని అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు.

ఇల్లు అద్దంలా ఉంది. భోజనాల బల్ల దగ్గర ఒక పాప రాసుకుంటోంది. ఎనిమిదేళ్లుంటాయేమో. కొత్త మనిషి వచ్చినా తల ఎత్తలేదు.

"ఇదిగో, ఈ తలుపుకే. బయటివైపు బిగించాలి" అన్నాడు ఇంటాయన.

సామాన్ల గది కాబోలనుకుని తాళాలాయన తలుపు తోశాడు. లోపల చిన్న మంచం, దుప్పటి మీద ఒక బొమ్మ. మూలన మూత పెట్టిన ప్లాస్టిక్ బకెట్టు. కిటికీ రెక్కలు మేకులు కొట్టి మూసేశారు. తలుపు లోపలివైపు పిడి ఊడదీసి ఉంది. ఆ కన్నం చుట్టూ గోళ్లతో గీకినట్టు రంగు లేచిపోయింది.

"ఇది పాప గది కదండీ?" అని నోరు జారి అడిగేశాడు.

"అవును. వాళ్లమ్మ పోయాక చూసుకునే దిక్కు లేదు. బయట రోజులెలా ఉన్నాయో చూస్తున్నారుగా. బడి కూడా మాన్పించాను. నేను పనికెళ్లినప్పుడు ఇది లోపలుంటే నాకు నిశ్చింత."

అప్పుడు పాప తల ఎత్తింది. "అంకుల్, ఆ గడియ లోపల్నుంచి తీయొచ్చా?"

తండ్రి నవ్వాడు. "తీసేటట్టయితే పెట్టించడం ఎందుకు తల్లీ?"

కోపంగా కాదు, ముద్దుగానే అన్నాడు. ఆ ముద్దుకే తాళాలాయనకు ఒళ్లు జలదరించింది. సంచీలో ఊరికే కాసేపు వెతికినట్టు నటించి, "ఈ చెక్కకు నేను తెచ్చిన మరలు పట్టవండి. రేపు వేరేవి తెస్తా" అని బయటపడ్డాడు.

ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. భార్య పసిపిల్లల బడిలో ఆయా. ముఖం చూసి పట్టేసింది. గుచ్చిగుచ్చి అడిగితే మొత్తం చెప్పాడు.

"మరి ఫోన్ చేశారా?"

"ఎవరికి?"

"పిల్లల సహాయ కేంద్రానికి. ఆ నంబరు మా బడి గోడ మీద ఇంతింత అక్షరాల్లో రాసుంది. పిల్లలకు హాని జరుగుతోందని అనుమానమొస్తే చాలు, చెప్పాలని మాకు ట్రైనింగులో చెప్పారు."

"కన్నతండ్రే, కొట్టలేదు, తిట్టలేదు. రేపు నాదే తప్పని తేలితే? ఇంకెవరైనా నన్ను గడప తొక్కనిస్తారా? మామ ఏం చెప్పాడో నీకు తెలుసుగా."

"మామయ్య మిమ్మల్ని ఏనాడైనా గదిలో పెట్టి తాళం వేశాడా?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. ఆమె ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

అవతలి అమ్మాయి గొంతు నింపాదిగా ఉంది. పాపను ఎక్కడ చూశారు, ఎలా ఉంది, ఇంట్లో ఇంకెవరుంటారు అని ఒక్కొక్కటీ అడిగింది. "నా దగ్గర రుజువేమీ లేదమ్మా" అన్నాడు ఈయన. "రుజువు చూసుకోవడం మా పనండీ. మీరు చూసింది చెప్పారు, చాలు. మీరెవరన్నది బయటికి రాదు" అంది. ఫోన్ పెట్టేశాక బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంటాయన ఫోన్ చేశాడు. "వస్తున్నారా?"

"మరలు దొరకలేదండీ..."

"పోనీలెండి. గడియ నేనే కొనుక్కొచ్చి బిగించేశాను" అని పెట్టేశాడు.

తాళాలాయన కొట్టు తెరిచాడు గానీ పని మీద ధ్యాస నిలవలేదు. ఎవరో గిరాకీ ఇచ్చిన తాళంచెవికి నకలు తప్పుగా అరగదీసి, నాలుక కరుచుకుని మళ్లీ చేశాడు. పాప సంగతి ఎవరైనా చూస్తున్నారో లేదో తెలిసే దారి లేదు.

మధ్యాహ్నం దాటాక మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి ఒక ఆడమనిషి. "నేను పిల్లల సంరక్షణ అధికారిని. ఇంటికి తాళం వేసుంది, లోపల పాప ఉంది. ఇక్కడివాళ్లంతా మిమ్మల్నే పిలుస్తారని వాచ్‌మన్ మీ నంబరిచ్చాడు. అర్జెంటుగా రాగలరా?" ఆమె చెప్పింది ఆ అపార్ట్‌మెంటే. నిన్న ఫోన్ చేసింది ఈయనేనని ఆమెకు తెలియదు. ఊళ్లో లేనని ఒక్క ముక్క అంటే చాలు, చేతులు దులుపుకోవచ్చు. అయినా సంచీ అందుకుని పరుగెత్తాడు.

మూడో అంతస్తులో అధికారిణి, పక్కనే ఒక మహిళా కానిస్టేబుల్. ఇరుగుపొరుగు తలుపులు ఓరగా తెరుచుకుని ఉన్నాయి. అధికారిణి తలుపుకు నోరు ఆనించి పిలుస్తోంది. ఎక్కడో లోలోపలి నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"నీళ్లయిపోయాయి."

తాళాలాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకుని తీయగల తాళమే. అయినా రెండుసార్లు సాధనం చేయి జారి గచ్చు మీద పడింది. మూడోసారికి టిక్కుమంది.

లోపలి గది తలుపుకు గడియ వంకరగా బిగించి, పెద్ద తాళం వేసుంది. ఆయన దాని మీద చెయ్యి వేశాడో లేదో, వెనక మెట్ల మీద దబదబా అడుగులు. పొరుగువాళ్లెవరో ఫోన్ చేసినట్టున్నారు, తండ్రి ఊడిపడ్డాడు.

"ఎవరు మీరంతా? నా ఇంట్లో ఏం పని?" అంటూ లోపలికొచ్చి తాళాలాయన్ని చూశాడు. ముఖం పాలిపోయింది. "నువ్వా! నిన్న మరలు లేవన్నావు. నువ్వే చెప్పావు కదూ?"

తాళాలాయన తాళం మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఎవరు చెప్పారన్నది మీకు అనవసరం" అంటూ అధికారిణి మధ్యలోకి వచ్చి నిలబడింది. "పిల్లను ఇలా బంధించడం నేరం. తండ్రైనా సరే. తాళంచెవి ఇవ్వండి."

"నా కూతుర్ని కాపాడుకోవడం నేరమా? ఆ తాళం ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తాను!"

కానిస్టేబుల్ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "మీరు కానివ్వండి" అంది అధికారిణి వెనక్కి తిరగకుండానే. ఆ మాటే పట్టుకుని తాళాలాయన మళ్లీ వంగాడు. వీపు మీద ఆ తండ్రి చూపు వాతలా తగులుతోంది. తాళం వచ్చింది గానీ వంకర గడియ బిగుసుకుపోయింది. సుత్తి దెబ్బ వేయబోయి, అవతల పాప ఉందని ఆగిపోయాడు. "తల్లీ, తలుపుకు దూరంగా మంచం మీదికెళ్లి కూర్చో" అన్నాడు. మంచం కిర్రుమన్నాకే కొట్టాడు.

తలుపు తెరుచుకోగానే ఉక్క ముఖాన కొట్టింది. పాప మంచం మీద మోకాళ్లు కావలించుకుని కూర్చుంది. జుట్టంతా చెమటకు నుదుటికి అంటుకుపోయింది. అధికారిణి ఇచ్చిన సీసా అందుకుని గడగడా తాగేసింది. అప్పుడు గుమ్మంలో తండ్రిని చూసి, "నాన్నా, నేనేం చెప్పలేదు. ఒట్టు" అంది.

ఆ మాటతో అంత అరిచిన మనిషీ చతికిలబడిపోయాడు.

ఇలాంటి పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చే పిల్లల సంక్షేమ కమిటీ ముందు విచారణ జరిగింది. తాళాలాయన రానక్కర్లేదన్నారు. తనే వెళ్లాడు. బయట బెంచీ మీద తండ్రి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వేరే చోటు లేక తాళాలాయన ఆ చివరే కూర్చున్నాడు.

తండ్రి అడిగాడు. "నీకు పిల్లలున్నారా?"

"లేరండి."

"అందుకే నీకర్థం కాదు. వాళ్లమ్మ రోడ్డు దాటుతూ పోయింది. ఇది బయటికెళ్లిన ప్రతిసారీ నాకు ఊపిరాడేది కాదు."

"ఆ గదిలో దానికీ ఆడలేదండీ" అన్నాడు తాళాలాయన. మళ్లీ తనే, "చెప్పింది నేనే. ఇంకెవర్నీ అనుమానించకండి" అన్నాడు.

తండ్రి చెయ్యెత్తుతాడేమోనని ఒళ్లు బిగబట్టుకున్నాడు. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు, అంతే.

పాపతో కమిటీవాళ్లు విడిగా మాట్లాడారు. అమ్మమ్మ దగ్గర ఉంటానంది. కూతురు పోయాక అల్లుడు ఆ ఇంటికి రానివ్వని ముసలావిడ, మనవరాలి చెయ్యి పట్టుకుని వదల్లేదు. పాప అమ్మమ్మ దగ్గరే ఉండి బడికెళ్లాలని, తండ్రి వైద్యుడికి చూపించుకోవాలని, నయమయ్యేదాకా అధికారిణి ఎదుటే కూతుర్ని చూడాలని చెప్పారు. నేరం కేసు వేరుగా నడుస్తుందన్నారు. తండ్రి తల ఊపాడు. ఒప్పుకున్నాడో, ఓడిపోయాడో తెలియలేదు.

ఆ అపార్ట్‌మెంటువాళ్లు తాళాలాయన్ని పిలవడం మానేశారు. కొందరు బజారులో ముఖం చాటేశారు. "పోతే పోనీండి, ఊళ్లో తలుపులకు కరువా!" అంది భార్య.

కొన్ని నెలలకు మనసాగక అధికారిణికి ఫోన్ చేశాడు. పాప ఎలా ఉంది, తండ్రి మారాడా, మళ్లీ కలిసుంటారా అని ఆత్రంగా అడిగాడు.

"అవన్నీ చెప్పకూడదండీ. పిల్లల సంగతులు బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు" అందామె. ఆయన చిన్నబుచ్చుకుని పెట్టేయబోతుంటే, గొంతు తగ్గించి అంది. "బడికి వెళ్తోంది. ఇంతకుమించి అడక్కండి."

ఆయన అడగలేదు. ఎదురుగా ఒక గిరాకీ ఎప్పట్నించో నిలబడి ఉంది. ఫోన్ జేబులో పెట్టుకుని, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.