ఊ కొట్టే జాగా

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే ఎక్కువ మర్యాద జరిగింది ఒక టేపు మిషనుకు. క్యాసెట్లు వేసేది కాదు, పైన రెండు పెద్ద చక్రాలు తిరిగే పాత రకం. హుస్సేనీ ఆలంలోని మా ఇంటి మేడ మీద, చిన్నబాపు గదిలో ఒక బల్లనంతా అదే ఆక్రమించుకుని ఉండేది. మా బాపుకు, అంటే నాన్నకు, చార్మినార్ దగ్గర చీరల అంచులకు కుట్టే గోటా, లేసుల దుకాణం. ఆయన తమ్ముడు చిన్నబాపు కూడా అక్కడే కూర్చోవాలి గాని, ఆయన ప్రాణమంతా మేడ మీదే ఉండేది. ఆ మిషనును ఉన్నదున్నట్టు ఉంచడం కూడా ఆయన వల్ల కాలేదు. టేపును లాగే ఇరుసుకు ఇత్తడి తొడుగు చేయించి తొడిగాడు. దాంతో టేపు వేగంగా నడిచేది. అలా నడిస్తే మాట టేపు మీద పొడుగ్గా పరుచుకుంటుందని, మధ్యలో వచ్చే చిటపటలను సులువుగా కోసి తీసేయొచ్చని చెప్పేవాడు.

ఆ కోయడం చూడ్డానికే నేను మేడ ఎక్కేదాన్ని. చక్రాలను చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పి, చప్పుడు ఉన్న చోట పెన్సిలుతో గీత పెట్టేవాడు. బ్లేడుతో ఏటవాలుగా కోసి, మిగిలిన రెండు కొసలనూ కలిపి వెనకవైపు బంక పట్టీ అంటించేవాడు. మళ్ళీ వింటే అక్కడ ఏమీ జరగనట్టే ఉండేది.

నాకేమో నత్తి. మాట మొదట్లోనే పట్టేసేది, ముఖ్యంగా 'ప' వస్తే ఇక అంతే. బళ్ళో జవాబు తెలిసినా తెలియనట్టు తల దించుకునేదాన్ని. నత్తిదనిపించుకోవడం కంటే మొద్దనిపించుకోవడమే నయమనిపించేది. దుకాణానికి పంపితే కావలసినవి వేలుతో చూపించి తెచ్చుకునేదాన్ని.

ఒక్క నానమ్మ దగ్గర మాత్రం ఆగుతూ ఆగుతూనైనా నా నోరు నడిచేది. ఆమెకు చూపు మందగించింది. సాయంత్రమైతే నేను కథ చెప్పాలి, ఆమె ఊ కొట్టాలి. లోకంలో ఎక్కడైనా ముసలివాళ్ళు చెబితే పిల్లలు ఊ కొడతారు. మా ఇంట్లో అన్నీ తలకిందులే.

ఒకరోజు మేడ మీదికి వెళ్ళి, "చిన్నబాపూ, నా నత్తి గూడ కోసెయ్యరాదూ?" అన్నాను. ఆ నాలుగు మాటలకే ఎన్నిసార్లు ఆగానో. నవ్వుతాడేమోనని భయపడ్డాను. ఆయన నవ్వలేదు. గదెంత పని బిడ్డా అన్నాడు.

ఒంటరిగా మైకు ముందు కూర్చుంటే నా గొంతు పెగలలేదు. అందుకని మైకు తెచ్చి నానమ్మ మంచం పక్కన పెట్టాడు. నేను ఎప్పటిలాగే ఆమెకు కథ చెప్పాను. ఆ తర్వాత ఆయన దుకాణం ముఖం చూడకుండా ఆ టేపు ముందే కూర్చుని, నేను ఆగిన ప్రతి చోటా కోశాడు. టేపు ముక్క పారేసే అలవాటు ఆయనకు లేదు. కోసిన ముక్కలన్నీ వరసగా బీరువా తలుపుకు అంటించాడు. నా నత్తి అంతా అక్కడ వేలాడుతుంటే చూసి పీడ వదిలిందనుకున్నాను.

ఆదివారం కార్వాన్ నుంచి మా మేనత్త వచ్చింది. చిన్నబాపు మిషనును కిందికి తెచ్చి అందరి ముందూ పెట్టాడు. చక్రాలు తిరిగాయి. టేపులోని పిల్ల ఎక్కడా ఆగకుండా గడగడా కథ చెప్పేసింది. గొంతు నాదే. బాపు కళ్ళు తడిశాయి. "గిట్ల మాట్లాడితే ఎంత ముద్దుగున్నది!" అన్నాడు. అంటున్నప్పుడు ఆయన నన్ను చూడలేదు, మిషనునే చూశాడు.

మేనత్తకు కల్మషం తెలియదు. నన్ను దగ్గరికి లాక్కుని, "ఏదీ బిడ్డా, గిప్పుడు నీ నోటితోని చెప్పు" అంది. నోరు తెరిచాను. 'ప' దగ్గరే పట్టేసింది, మునుపెన్నడూ లేనంతగా. అందరూ ఒక్కసారిగా చాయ్ కప్పుల్లోకి చూడడం మొదలుపెట్టారు. నవ్వినా బాగుండేది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నా గొంతుతోనే ఎవరో వచ్చి, నాకంటే మంచి పిల్ల అనిపించుకుని వెళ్ళిపోయినట్టయింది.

అప్పుడు మంచం మీది నుంచి నానమ్మ అంది, "ఏంది గీ లొల్లి? టేపుల పోరి ఎవరో గని మన పిల్ల గాదు. మన పిల్ల ఆగినకాడ నేను ఊ కొడత. గా పోరి ఊపిరే తీస్కోకపాయె. నాకు ఊ కొట్టనీకి జాగా ఏది?"

చిన్నబాపు మిషను కట్టేశాడు. మరుసటి పొద్దున నన్ను మేడ మీదికి పిలిచాడు. బీరువా తలుపు నుంచి ఒక ముక్క ఊడదీసి, మిషనుకు ఆనించి చేత్తో లాగి వినిపించాడు. నా 'ప ప ప', దాని వెనకే నానమ్మ 'ఊ'. ఇంకో ముక్కలోనూ అంతే. నేను ఆగిన ప్రతి చోటా ఆమె ఉంది.

"చప్పుడు దీస్తున్న అనుకున్న బిడ్డా. మా అమ్మను కోసేసిన, నిన్ను గూడ కోసేసిన" అన్నాడు. తల పైకెత్తలేకపోయాడు. సిగ్గు నా ఒక్కదాని సొంతమనుకునేదాన్ని. పెద్దవాళ్ళకు కూడా వస్తుందని, అదీ నా ముందు వస్తుందని ఆ రోజే చూశాను. కోసెయ్యమని అడిగింది నేనే కదా అని నాకూ ఏడుపొచ్చింది. ఆ రోజంతా ఆయన ఒక్కొక్క ముక్కనూ దాని చోట మళ్ళీ అతికించాడు.

ఇప్పుడు ఆ మిషను నా దగ్గరుంది. నానమ్మా లేదు, చిన్నబాపూ లేడు. నూనె వేసి, రబ్బరు పట్టీలు మార్చి నేనే నడుపుకుంటున్నాను. పాత బంక ఎండిపోయి టేపు అప్పుడప్పుడు ఊడుతుంటుంది. ఊడేది అతుకుల దగ్గరే, అంటే నేను ఆగిన చోటే. మొన్న మా మనవడు చూసి, కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఆ ఖాళీలన్నీ తీసేయొచ్చని ఉత్సాహపడ్డాడు. ఎక్కించు, ఒక్కటి కూడా తీయకు అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది. వాడు ఓపిగ్గా విన్నాడు.

ఈ వయసులోనూ నలుగురిలో మాట పట్టేస్తే ముందు చెవులు వేడెక్కుతాయి. సిగ్గు పోలేదు, పోతుందని అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు తల దించుకోను. అక్కడే ఆగి, నానమ్మ ఊ కొట్టేదాకా ఉంటాను. ఆ తర్వాత మిగతాది చెబుతాను.