అద్దాల అల్మారాకు మా పుస్తకాలు ఇవ్వం

మాకు చిన్నప్పుడు చదువు చెప్పిన బాయి పోయిందన్న కబురు నాకు అంజూర్ ఫాటా గోదాంలో, లారీకి బట్ట తాన్లు ఎక్కిస్తున్న వేళ అందింది. ఫోన్ చేయించింది టెంఘర్‌లో ఉండే మా నాయిన. ఆయనకు చెవులు సరిగా వినపడవు కాబట్టి మాట్లాడింది పక్కింటి అమ్మాయి. "అక్కా, లైబ్రరీ బాయి పొద్దున పోయిందంట. మీ నాయిన నిన్ను జల్ది రమ్మంటున్నడు," అన్నది. రాస్తున్న చలాను సగంలో వదిలేసి ఆటో ఎక్కాను. దారిలో ఏడుపు రాలేదు. సాయంత్రానికి కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు.

కోపం ఎందుకో చెప్తాను. దహనం అయ్యాక మా తెలుగువాళ్ళ సమాజం పెద్దమనిషి పదిమందిని కూడగట్టి, "నిశ్శబ్దంగా సేవ చేసిన తల్లి," అన్నాడు. పదకొండో రోజు సంతాప సభ పెడతామన్నాడు. ఆమె పంచిన పుస్తకాలు ఎవరెవరి ఇళ్ళల్లో ఉన్నాయో తెచ్చి ఇస్తే, ఆమె పేరు మీద అద్దాల అల్మారా చేయించి, తాళం వేసి సమాజం హాల్లో భద్రంగా పెడతామన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, కాదనను. అయితే బాయి ఒక్కనాడూ నిశ్శబ్దంగా ఉన్న మనిషి కాదు. తాళమంటే ఆమెకు ఒళ్ళు మంట. ఆమెను చూడనివాళ్ళ కోసమూ, చూసి మరిచిపోయినవాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను.

తొంభైల్లో, ఈ మరాఠీవాళ్ళ ఊళ్ళో మేం చదివింది నాలుగో తరగతి దాకా ఉన్న తెలుగు బడి. కార్ఖానాల్లో కూలికి పనిచేసేవాళ్ళ పిల్లలమే ఎక్కువ. మరాఠీ బళ్ళల్లో ఆడ టీచరును బాయి అంటారు, ఆ పిలుపు మాకూ అలవాటైపోయింది. ఆమె జగిత్యాల దిక్కు నుంచి వచ్చింది. లెక్కలు అంత బాగా చెప్పేది కాదు, భాగహారం దగ్గర తనే తడబడి మా మీద కసురుకునేది. బడిలో చివరి గదిని మాత్రం ఎవరూ అడగకుండానే లైబ్రరీ చేసింది. గదిలో ఒక ఇనుప అల్మారా, ఒక పెద్ద చాప ఉండేవి. గోడకు అవతల సాంచాలు. మరమగ్గాలను మావాళ్ళు అలాగే అంటారు. పొద్దంతా నడిచేవి. ఆ గోడకు అరచెయ్యి ఆనిస్తే తిమ్మిరెక్కేది.

ఆమె వచ్చిన మొదటి వారం మా అందరికీ పుస్తకాలిచ్చి చదవమన్నది. నలుగురికి ఒక పుస్తకం. మేం గొంతు చించుకుని మొదలుపెట్టాం. సాంచాల మోతకు మా ఇళ్ళల్లో ఉప్పు అడగాలన్నా అరిచే అడగాలి. ఆమె చెవులు మూసుకుని, "ఎందుకట్ల ఒర్రుతున్నరు? మనసుల చదువుకోండ్రి," అని పెదవుల మీద వేలు పెట్టింది. సరే అని గొంతు ఆపేశాం. కాసేపటికి చూస్తే, పుస్తకం పట్టుకున్న పిల్ల ఒక్కతే నోరు కదుపుతున్నది. మిగతా ముగ్గురూ పుస్తకం వంక చూడకుండా ఆ పిల్ల మొహం వంక చూస్తూ కూర్చున్నారు. మా గుంపులో ఆ నోరు కదుపుతున్న పిల్లను నేను. చదవకుండా ముచ్చట్లు పెడుతున్నామని ఆమె అనుకున్నది. నలుగురికీ తలా రెండు బెత్తం దెబ్బలు పడ్డాయి.

దెబ్బలు తిన్నాక, పుస్తకం ముట్టని ముగ్గురిలో ఒకతి ఏడుస్తూ, "బాయీ, చేపల్లోల్ల పిలగానికి వలల గంట దొరికింది, తర్వాత ఏమైందో చెప్పనియ్యలే మీరు," అన్నది. బాయి బెత్తం పక్కన పెట్టింది. మిగతా ఇద్దరినీ అడిగింది. వాళ్ళూ అదే కథ చెప్పారు. సాంచాల మధ్య పన్నెండు గంటలు పనిచేసేవాళ్ళు గొంతుతో మాట్లాడుకోలేరు, పెదవులతో మాట్లాడుకుంటారు. అది చూస్తూ పెరిగినవాళ్ళం మేం. మాకు వినడమంటే సగం చూడటమే. కొత్తగా వచ్చినామెకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? ఆ రోజు ఆమె బడి విడిచే ముందు మమ్మల్ని నలుగురినీ ముందుకు పిలిచి, క్లాసంతా చూస్తుండగా, "తప్పు నాది. మీరు చదివిన్రు, నేనే చూడలే," అన్నది. తొమ్మిదేళ్ళ పిల్లల ముందు ఒక పెద్ద మనిషి తప్పు ఒప్పుకోవడం మేం అప్పటిదాకా చూడలేదు.

మర్నాడు ఆమె లైబ్రరీ రిజిస్టరు ముందేసుకుని స్కేలు పెట్టి ఒక కొత్త ఖానా గీసింది. పుస్తకం పేరు, తీసుకున్నవాళ్ళు, తెచ్చినవాళ్ళు అనే ఖానాలు ముందే ఉన్నాయి. నాలుగోది ఆమెది: విన్నవాళ్ళు. పుస్తకం ఇంటికి పోతుంది, ఇంట్లో ఎవరో ఒకరికి చదివి వినిపించాలి, వాళ్ళేమన్నారో వచ్చి చెప్పాలి, అది ఆ ఖానాలో రాస్తుంది. రాయడం రానివాళ్ళు వేలిముద్ర పంపేవాళ్ళు. "పుస్తకం అల్మారాల ఉంటె సామాను. ఇంటికి పోతేనే పుస్తకం," అనేది. కార్ఖానాల నుంచి పనికిరాదని పక్కన పడేసిన చింపుల గుడ్డ తెప్పించి ప్రతి పుస్తకానికీ అట్ట కుట్టింది. ఆగినచోట పేజీ మడిస్తే చెవి మెలిపెట్టేది, నూలుపోగు పెట్టమనేది. నేనొకసారి మడిచాను. ఆ సంగతి నా పెళ్ళిలో కూడా గుర్తుచేసింది.

నేను గంట కథ నాయినకు వినిపించాను. ఆయన పాళీ, అంటే షిఫ్టు, దిగి వచ్చి, అన్నం పళ్ళెం ముందు కూర్చుని, నా నోటి వంకే చూస్తూ తిన్నాడు. అయిపోయాక, "గంట నీళ్ళల్ల ఉంటె తుప్పు పట్టదా బిడ్డా? గా గంట మోగిందంటె నేను నమ్మ," అన్నాడు. బాయి ఆ మాట మొత్తం రిజిస్టర్లో ఎక్కించి, క్లాసులో ఆ రోజు పాఠం ఆపి అదే చర్చ పెట్టింది. మా నాయిన అన్న మాట మీద ముప్పై మంది పిల్లలు కొట్లాడుకున్నారు. ఇంటికెళ్ళి చెప్తే ఆయన నమ్మలేదు. మూడు రోజుల తర్వాత, "ఇంకోటి తే," అన్నాడు.

వారానికి ఒకరోజు కరెంటు బందు. సాంచాలు ఆగేవి, వీధికి వీధే కొత్తగా ఉండేది. ఆ రోజు మమ్మల్ని వరసగా నిలబెట్టి గల్లీల్లో తిప్పేది. ఒక్కో గడప ముందు ఒక్కో పిల్ల పేజీ చదవాలి. "ఇయ్యాల గట్టిగ చదువుండ్రి. రేపు సాంచాలు మళ్ళ మొదలైతయి," అనేది. ఒక షాపు సేటు బయటికొచ్చి, "బాయీ, ఈ ఊర్ల తెలుగు చదివి ఏం జేస్తరు? మరాఠీ నేర్పు, నౌకరీ దొరుకుతది," అన్నాడు. "మరాఠీ గూడ నేర్పుతున్న సేటూ. అమ్మతోని ఏ భాషల కొట్లాడుతవో గా భాష గూడ రావాలె గద," అన్నది. సేటు నవ్వి లోపలికి పోయాడు, కాని మర్నాటి నుంచి అతని కూతురు కూడా మా వరసలో ఉంది.

నేను నాలుగో తరగతిలో ఉండగా పై ఆఫీసు నుంచి ఒక సాహెబు వచ్చాడు. పిల్లలు తగ్గుతున్నారనీ, లైబ్రరీ గదిని సామాను గదిగా మార్చాలనీ, పుస్తకాలు అల్మారాలో పెట్టి తాళం వేయాలనీ చెప్పాడు. మా పెద్దసారు తలూపాడు. బాయి రిజిస్టరు తెచ్చి విన్నవాళ్ళ ఖానా చూపించింది. "ఫారంలో ఇట్లాంటి ఖానా లేదు," అన్నాడు సాహెబు హిందీలో. "ఫారంల లేకపోతె లేదు, ఇండ్లల్ల ఉన్నరు. శనివారం రండి, చూపిస్త," అన్నది బాయి. ఆమె హిందీ అంతంతమాత్రం, అయినా ఆ మాట అతనికి సరిగ్గానే అందింది.

శనివారం పొద్దున పాళీ మారే వేళకు కార్ఖానాల నుంచి దిగినవాళ్ళంతా దూది పోగులంటిన బట్టలతోనే బడి గేటు దగ్గర నిలబడ్డారు. సాహెబును బడి ముంగిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, ఏ పుస్తకమైనా ఏ పేజీ అయినా మీరే తీయండి అన్నది బాయి. అతను ఒకటి తీశాడు. నన్ను గేటుకు ఎదురుగా బెంచీ ఎక్కించారు. గోడకవతల సాంచాలు అదే పనిగా మోగుతున్నాయి. గది పోతే పుస్తకాలు పోతాయని నాకు తెలుసు, నాయిన అన్నం తింటూ నా నోటి వంక చూడటం కూడా దాంతోనే పోతుందని తెలుసు. నేను గొంతెత్తలేదు. పెదవులతో, నిదానంగా చదివాను. కుమ్మరి అవ్వ గాడిద వంతెన మధ్యలో ఆగిపోతుంది. ఎంత లాగినా కదలదు. అవ్వ దాని చెవి దగ్గరికి వంగి ఏదో చెప్తుంది. పేజీ అక్కడితో అయిపోయింది.

"కుచ్ సునాయీ నహీ దియా," ఏమీ వినపడలేదు అన్నాడు సాహెబు. బాయి గేటు వైపు చెయ్యి చూపించింది. సాహెబు లేచి వెళ్ళి ముందు నిలబడ్డ మనిషిని అడిగాడు. ఆ మనిషి మా నాయిన. ఆయన తన బజారు హిందీలో గాడిద సంగతి, వంతెన సంగతి, అవ్వ వంగిన సంగతి చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మరిచిపోయినవి అందించారు. పెద్దసారు పేజీ చూసుకుని, కరెక్టేనన్నట్టు మెల్లగా తల ఊపాడు. అప్పుడు నాయిన సాహెబును పట్టించుకోకుండా, అంత దూరం నుంచి, గొంతు లేకుండా నాతో అన్నాడు: పేజీ తిప్పు బిడ్డా. నేను తిప్పబోతుంటే సాహెబు వచ్చి పుస్తకం మూసేశాడు.

తాళం సోమవారం వచ్చింది. గెలిచామని రాయాలని నాకూ ఉంది, కాని గెలవలేదు, గది పోయింది. తాళం వేయడానికి వచ్చిన మనిషి అల్మారా తెరిస్తే లోపల ఒక్క పుస్తకం లేదు. ఆదివారమంతా బాయి గల్లీ గల్లీ తిరిగి పంచేసింది. రిజిస్టర్లో ప్రతి పుస్తకం తీసుకున్నవాళ్ళ పేరుతో సహా ఎక్కి ఉంది. "అన్ని కాయిదా ప్రకారమే ఉన్నయి. అల్మారకు తాళమేసుకోండ్రి," అని చాక్‌పీసు చేతిలో పట్టుకుని క్లాసుకు పోయింది. ఆ కుమ్మరి అవ్వ పుస్తకం మా ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం నాయినకు మిగతా కథ చదివాను. అవ్వ గాడిద చెవిలో, "నువ్వు కదిలేదాకా నేనూ కదల," అని చెప్పి వంతెన మీదే కూర్చుంటుంది. నాయిన చాలాసేపు నవ్వాడు. "మీ బాయి గిసొంటిదే," అన్నాడు. ఆ మాట కూడా రిజిస్టర్లో ఉంది.

ఆ తర్వాత లైబ్రరీకి గది లేదు. పుస్తకాలు ఇల్లు మారుతూ తిరిగాయి. పదేళ్ళు దాటినా బాయి ఆదివారాలు సంచీలో రిజిస్టరు పెట్టుకుని వచ్చి, ఏది ఎవరి దగ్గరుందో, విని ఏమన్నారో రాసుకునేది. రిటైరయ్యాక మోకాళ్ళు పట్టేసినా ఆగలేదు. ఆమెకు ఎవరూ శాలువా కప్పలేదు. కప్పుతామని వస్తే ఇంత బట్ట నేసే ఊర్లో నాకు బట్టేం కొరత అని తిట్టి పంపేది. చివరిసారి చూసినప్పుడు మంచంలో ఉంది. మాట సరిగ్గా రావడం లేదు. నేను చదువుతుంటే నా పెదవులు చూస్తూ పడుకుంది. ఇన్నేళ్ళకు ఆమెకూ ఆ విద్య వచ్చింది.

పదకొండో రోజు సభ జరిగింది. వేదిక మీద పెద్దలు, ఫోటోకు దండ, అద్దాల అల్మారా బొమ్మ గీసిన కాగితం ఉన్నాయి. పెద్దమనిషి పుస్తకాలు తెచ్చి ఇవ్వమని మళ్ళీ అడిగాడు. నేను లేచి, "ఇవ్వం" అని చెప్పాను. "ఎందుకమ్మా, ఆమె పేరు నిలబడాలె గద," అన్నాడాయన. "ఆమె పేరు రిజిస్టర్ల ఒక్కసారి గూడ లేదు, పెద్దాయనా. మా నాయినల పేర్లున్నయి. మీరు తాళం వేస్తె ఆ ఖానల ఇంకెవల పేరు రాస్తరు?" అన్నాను. ఆయన రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు. ఇది చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా చింపుల గుడ్డ అట్ట వేసిన పుస్తకం ఉంటే దయచేసి ఎవరికీ అప్పగించకండి. ఎవరికైనా చదివి, పక్కింటికి పంపండి. రిజిస్టరు ఇప్పుడు నా దగ్గరుంది, రాసుకోవడానికి నేను వస్తాను.

సభలో మౌనం కోసం అందరూ లేచి నిలబడ్డారు. వేదిక మీదివాళ్ళు తలలు దించి కళ్ళు మూసుకున్నారు. బయట సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. నేను సంచీలోంచి కుమ్మరి అవ్వ పుస్తకం తీసి, మావాళ్ళ వైపు తిరిగి, పెదవులతో చదవడం మొదలుపెట్టాను. బాయి దగ్గర దెబ్బలు తిన్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు, పాళీ దిగి వచ్చినవాళ్ళు, అందరి కళ్ళూ నా నోటి మీదే ఉన్నాయి. గాడిద వంతెన మీద ఆగింది, అవ్వ వంగింది. పేజీ అయిపోయింది. చివరి వరసలో గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డ మా నాయిన, గొంతు లేకుండా అన్నాడు, పేజీ తిప్పు బిడ్డా.

రెండు నిమిషాలు అయ్యాయని పెద్దమనిషి చెప్పాడు. వేదిక మీదివాళ్ళు కూర్చున్నారు. మేం ఎవరమూ కూర్చోలేదు. నేను పేజీ తిప్పాను.