కొండూరు వారి శివ గోత్రం

ఉప్పల్ చుట్టుపక్కల జనం సెలవు దొరికితే ఎక్కడికి వెళతారో పర్యాటక శాఖ వాళ్ళకంటే స్వర్ణలతకే బాగా తెలుసు. ఆమె నాచారంలో ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. మూడంతస్తుల ఇంటి మెట్ల కింద చిన్న దుకాణం, దాని మీద ‘కొండూరు లేడీస్ టైలర్స్’ అని పసుపురంగు బోర్డు. యాదగిరిగుట్టకని పట్టు జాకెట్లు తెచ్చేవాళ్ళు, భువనగిరి కోట ఎక్కడానికని పంజాబీ డ్రెస్సులు వదులు చేయించుకునే కాలేజీ పిల్లలు, సాగర్‌లో గేట్లు ఎత్తారని టీవీలో చూసి శనివారం సాయంత్రం పరుగెత్తుకొచ్చి ‘రేపు పొద్దున్నే కావాలి’ అనేవాళ్ళు, అందరూ ముందు ఆమె గుమ్మం తొక్కవలసిందే. తిరిగొచ్చాక చిరుగులు కుట్టించుకోవడానికీ ఆమె దగ్గరికే వస్తారు. భువనగిరి గుండు మీద జారిన పిల్లల ప్యాంట్లు వెనకవైపు అరిగిపోయి వస్తాయని ఆమె చెబితేనే నాకు తెలిసింది.

నేను పద్నాలుగేళ్ళుగా ఆ గుమ్మం తొక్కుతున్నాను. నా పేరు విజయశ్రీ. హబ్సిగూడలో ఒక బడిలో తెలుగు టీచర్ని. నాలుగు రోజులు సెలవిస్తే చాలు, బ్యాంకాక్ అనీ బాలి అనీ విమానం ఎక్కేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. పొద్దున పోయి సాయంత్రానికి రాగలిగే గుట్టలూ కోటలూ చెరువులూ ఇన్ని పెట్టుకుని, అంత దూరం పోయి ఫోటోలు దిగడమెందుకు? ఈ మాట ఒకసారి స్వర్ణలతతో అంటే మిషన్ తొక్కుతూనే నవ్వింది.

“మీరంత పోయొచ్చిన్రంటే నేను పోయినట్టే మేడం. నా జాకెట్లు పోయినయ్ గద!”

నవ్వుతూ అన్నా అది ఆమె బతుకే. జనగామ దగ్గర పల్లె నుంచి పందొమ్మిదేళ్ళకు కాపురానికొచ్చింది. భర్త సురేష్ ప్లాస్టిక్ డ్రమ్ములు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాడు. దసరా, కార్తీకం, పెళ్ళిళ్ళ కాలం, ఇలా ఊరంతా తిరిగే రోజులే దర్జీకి ఊపిరాడని రోజులు. ఇన్నేళ్ళలో ఆమె సరదాగా బయల్దేరింది ఒక్క కీసరగుట్టకే. అదీ ఒక శివరాత్రి నాడు. నాలుగు గంటలు లైన్లో నిలబడి, ఎవరికో సాయంత్రానికి జాకెట్టు ఇవ్వాలని దర్శనం కాకుండానే తిరిగొచ్చింది. ఆ జాకెట్టు నాదే. నేనేమీ బాధపడలేదు, వేళకు అందింది.

కూతురు మానస అయిదో తరగతి. మిషన్ పక్కన పీట మీద కూర్చుని పద్యాలు వల్లిస్తుండేది. ఒత్తులు పోకుండా, ఆగవలసిన చోట ఆగి చెప్పేది. మా బడిలో టైలు కట్టుకుని వచ్చే పిల్లలకు నేను ఎంత చెప్పినా రాని ఉచ్చారణ అది.

కార్తీక మాసం వచ్చిందంటే మాకు వనభోజనాలు. ఉసిరిచెట్టు కింద తింటే పుణ్యమని పేరు. నిజానికి ఏ కులం వాళ్ళు ఆ కులం చెట్టు కింద కూర్చుని తింటారు, కడుపు నిండాక పిల్లల జాతకాలు మార్చుకుంటారు. మా సంఘానికి కార్యదర్శి చలపతిరావు. కోస్తా నుంచి గుమాస్తాగా వచ్చి, రిటైరై ఉప్పల్‌లో స్థిరపడిన మనిషి. ఆ ఏడు సంఘం రెండుగా చీలింది. అవతలి ముక్క వాళ్ళు రెండు బస్సుల్లో వెళుతున్నారని తెలిసి ఈయన మూడు మాట్లాడాడు. వాటిని నింపడానికి వీధి వీధీ తిరుగుతూ బోర్డుల మీద ఇంటిపేర్లు చదువుకున్నాడు. నాచారంలో పసుపు బోర్డు కంటబడింది.

“కొండూరు వారంటే మనవాళ్ళే కదండీ? గుంటూరులో మా పిన్నిగారి అత్తవారు కొండూరు వారే. ఆ దర్జీ అమ్మాయి మీకు తెలుసుగా?” అని నాకు ఫోన్ చేశాడు.

“మనవాళ్ళే అయివుంటారు,” అన్నాను.

ఒకే ఇంటిపేరు పది కులాల్లో ఉంటుందని నాకు తెలియక కాదు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను, అడిగి తెలుసుకునే ఓపిక లేక అనేశాను. పిలుపు కూడా నేనే తీసుకెళ్ళాను. స్వర్ణలత మిషన్ ఆపేసింది.

“మమ్ముల పిలిచిన్రా? ఆడ పనేం ఉండదా మేడం? కూసోని తినుడేనా?”

“కూర్చుని తినడమే. పిల్లలకు పద్యాల పోటీ కూడా ఉంది. జడ్జిని నేనే.”

వనభోజనాలకు మిగిలిన ఆ పది రోజుల్లోనూ అంతమంది జాకెట్ల మధ్య తనకు ఒకటి కుట్టుకుంది, మానసకు పరికిణీ కుట్టింది. సురేష్ ఆదివారం షిఫ్టు మార్చుకున్నాడు. ఆమె కోరిక పెద్దదేమీ కాదు. ఒక్కసారి అందరితోపాటు పంక్తిలో కూర్చుని, ఎవరో వడ్డిస్తే తినాలి. కూతురు స్టేజీ ఎక్కి పద్యం చెప్పి బహుమతి తీసుకుంటే కింద కూర్చుని చూడాలి. ఈ మాట దుకాణానికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది.

ఉప్పల్‌లో బయల్దేరిన బస్సు నాచారంలో వాళ్ళ ముగ్గుర్నీ ఎక్కించుకుని, నాగారం మీదుగా కీసరగుట్ట కింది మామిడితోటకు చేరేసరికి తొమ్మిదైంది. తోట మధ్యలో ఉసిరిచెట్టు. తంబోలా అయింది, కుర్చీలాట అయింది. పద్యాల పోటీలో ఎనిమిది మంది పిల్లలు. చలపతిరావు మనవడు హృషికేశ్ సగంలో ఆగి వాళ్ళమ్మ వంక చూశాడు, మేమంతా ముద్దుగా ఉందని చప్పట్లు కొట్టాం. చివర మానస చెప్పింది. అది చెబుతున్నంతసేపూ పేకాడుతున్న మగవాళ్ళు కూడా ముక్కలు కింద పెట్టి విన్నారు. నేను కాగితం మీద ‘మొదటి బహుమతి: కె. మానస’ అని రాసిచ్చాను.

మా సంఘంలో బహుమతి వచ్చిన పిల్లల పేరుతోపాటు గోత్రం కూడా మైకులో చదువుతారు. చలపతిరావు పెన్ను పట్టుకుని స్వర్ణలత దగ్గరికి వచ్చాడు.

“మీ గోత్రం ఏమిటమ్మా?”

“శివ గోత్రం సార్,” అంది స్వర్ణలత గర్వంగా. “గుడిల అయ్యగారు అడిగినా గదే జెప్తం.”

గోత్రం తెలియనివాళ్ళ చేత గుళ్ళో పూజారి చెప్పించే గోత్రం అది. మా సంఘం పట్టికలో అటువంటిది లేదు. పెన్ను ఆగింది. మీ మామగారు ఏం చేసేవారమ్మా, ఊళ్ళో మీ ఇళ్ళు ఏ వైపున ఉంటాయి అని ఆయన మెల్లగా, నవ్వుతూనే అడిగాడు. ఆమె చెప్పింది. దాచుకోవలసిన సంగతని ఆమెకు తోచలేదు. ఏం చెప్పిందో నేనిక్కడ రాయను. రాస్తే మీరూ కొలవడం మొదలుపెడతారు.

“ఏం ఫరవాలేదమ్మా, మనుషులంతా ఒకటే,” అన్నాడు చలపతిరావు.

పది నిమిషాల్లో పంక్తిలో వాళ్ళ ముగ్గురి చోట్లూ నిండిపోయాయి. ఇక్కడ సర్దుబాటు కావడం లేదు, బస్సుల దగ్గర డ్రైవర్లతోపాటు ఆకులు వేయిస్తామని కబురు వచ్చింది. ఈలోగా చలపతిరావు భార్య శ్యామలాదేవి వచ్చి, “స్వర్ణలతా, నా జాకెట్టు హుక్కు ఊడింది, సూదీదారం ఉందా?” అంది. పొద్దున బస్సులో ‘స్వర్ణలత గారూ’ అని పక్కన కూర్చోబెట్టుకున్న మనిషే. స్వర్ణలత సంచిలోంచి సూది తీసింది. అది చూసి మరో ముగ్గురు వచ్చి నిలబడ్డారు. ఊరికే దొరికిన దర్జీని ఎవరు వదులుకుంటారు? కొత్త జాకెట్టు వేసుకుని, మామిడిచెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని, భోజనానికి పోయేవాళ్ళ హుక్కులు కుట్టింది ఆమె.

“నడువు,” అన్నాడు సురేష్. “ఈడ బుక్కెడు తిన్నమంటే మనం మనుషులం గాదు.”

“జర ఆగు. పిల్లకు ప్రైజు ఇస్తరట. తీసుకొని పోదాం.”

పిల్ల ప్రైజు కోసం ఆమె అంతా దిగమింగుకుని కూర్చుంది. అటు చలపతిరావు నా కాగితం నాకే తెచ్చిచ్చాడు.

“విజయశ్రీ గారూ, ఇది మీరే సరిచేయండి. మనవాళ్ళే అని చెప్పింది మీరేగా.”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నా వంక చూశారు. నాకు సిగ్గేసిందని రాస్తే బాగుంటుంది. సిగ్గు కాదు, భయం వేసింది. మా అబ్బాయికి ఆ సంఘంలోనే ఒక సంబంధం నడుస్తోంది. మానస పేరు కొట్టేసి హృషికేశ్ పేరు రాశాను. అక్షరాలు గుండ్రంగా, పొందికగానే వచ్చాయి.

మైకులో మొదటి బహుమతి అనగానే మానస లేచింది. పేరు వినేలోపే స్టేజీ మెట్టు దాకా వెళ్ళిపోయింది. హృషికేశ్ దాన్ని దాటుకుని పైకెక్కాడు. పరికిణీ కుచ్చిళ్ళు పట్టుకుని అది అన్ని కుర్చీల మధ్య నుంచీ వెనక్కి నడిచి రావలసి వచ్చింది. ఎవరో నవ్వారు. స్వర్ణలత చేతిలోని పని పూర్తి చేసి, దారం కొరికి తెంపి, సూది సంచిలో పెట్టుకుని లేచింది.

వాళ్ళు గేటు దగ్గరికి వెళ్ళేసరికి నేను వెనకాలే వెళ్ళాను. ఓదార్చడానికేమీ కాదు. జాకెట్లు కుట్టించుకోవాలి కదా, రేపటి నుంచి ముఖాలు చూసుకోవాలి కదా, అందుకు.

“టీచర్, నేను పద్యం తప్పు జెప్పిన్నా?” అని అడిగింది మానస.

ఒక్క ఒత్తు కూడా పోలేదు. కానీ తప్పు లేదని చెబితే, మరి ప్రైజు ఎందుకు రాలేదో కూడా చెప్పాలి.

“అవునమ్మా,” అన్నాను. “రెండో పాదంలో తప్పావు.”

సురేష్ ఏదో అనబోయాడు. స్వర్ణలత అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పది రోజులుగా మిషన్ పక్కన వింటూ వచ్చింది, ఆ పద్యం ఆమెకూ నోటికి వచ్చు.

“టీచర్ జెప్పిందంటే తప్పే అయివుంటది బిడ్డా,” అంది కూతురితో. నా మొహం చూడలేదు.

ముగ్గురూ కీసర రోడ్డు వైపు ఎండలో నడిచారు. మానస ముందు నడుస్తూ రెండో పాదాన్ని పైకే చెప్పుకుంటోంది. చెప్పి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెబుతోంది. దారి మలుపు తిరిగేదాకా నాకు వినిపించింది. ఒక్కసారి కూడా తప్పలేదు.