ఏం కూరండీ?

"అన్నం తినకపోవడం మందు వల్లే అనుకుందామమ్మా. అడగడం ఎందుకు మానేసేడు?"

విజయకుమారి తమ్ముడి దుప్పటి సర్దుతూ అంది. ఇశ్రాయేలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతనికి నలభై దాటేయి, బుద్ధి మాత్రం పసివాడిదే. అక్షరాలూ లెక్కలూ ఎప్పుడూ అతని జోలికి రాలేదు. పేగు కేన్సరుకి ఆపరేషనయ్యాక కాకినాడలో కీమో ఎక్కిస్తున్నారు. కట్టు మార్చడానికి ఇంటికొచ్చిన నర్సు హేమ పీట లాక్కుని కూర్చుంది.

హేమ నర్సాపురంలో చదువుకునే రోజుల్లో, సాయంత్రం గోదారి దాటించే పంటు దిగి సఖినేటిపల్లి రేవులో కాలు పెడితే ఇశ్రాయేలు ఎదురొచ్చేవాడు. "ఏం కూరండీ?" పెళ్ళివారైనా పోలీసైనా, చెప్పందే దారిచ్చేవాడు కాదు. పంటు మీద టికెట్లిచ్చే వెంకన్న రోజూ "కోడికూరరా!" అని కోతలు కోసేవాడు. ఇశ్రాయేలు అతని చెయ్యి వాసన చూసి "కాదు, ఎండు మెత్తళ్ళు!" అంటే రేవంతా నవ్వేది.

తలుచుకుని హేమ నవ్వింది. విజయకుమారి నవ్వలేదు.

"ఇప్పుడు పేచీ లేదు, కేక లేదు. మా పిన్ని ప్రార్థన కూటంలో లేచి సాక్ష్యం కూడా చెప్పేసింది, మావాడికి ప్రభువు నెమ్మదిచ్చేడని. అందరూ ఆమెన్ అన్నారు. నెమ్మదేనా తల్లీ ఇది?"

"కీమోకి నీరసం ఉంటుందండీ. వాసనలు గిట్టవు కూడా."

"గిట్టకపోతే మొహం చిట్లిస్తాడు. పొద్దున్న వెంకన్నొచ్చి, కోడికూరరా అని చెయ్యి ముక్కు దగ్గర పెట్టేడు. చిట్లించలేదు, తోసెయ్యలేదు. ఆ చేతిని కాసేపు చూసి అటు తిరిగేడు. ఆసుపత్రిలో నొప్పుందా అంటే లేదని తలూపేడు, బాగున్నాడన్నారు. దిగులుగా ఉందా అనడిగితే మాత్రం ఏం చెప్తాడు? ఆ మాటే తెలీదు వాడికి."

హేమ చేతిలోని కట్టుగుడ్డ పక్కన పెట్టింది. ఇన్నాళ్ళూ 'ఎంత బాగా కదలకుండా ఉంటాడో' అనుకుంటూ కట్టు మార్చి వెళ్ళింది తను.

"ఇది డిప్రెషనేమో అక్కగారూ. దానికీ వైద్యం ఉంది. ఇవాళే డాక్టరు గారికి ఫోను చేసి ఇదంతా చెప్తాను, మనసు డాక్టరుకి చూపించమని అడుగుతాను."

"కేన్సరున్నోడికి దిగులుండదా అనేస్తారేమో?"

"అంటే ఊరుకోనండి. రేవులో ఇశ్రాయేలన్న ఎలా ఉండేవాడో నేను చూసేను కదా."

కట్టు మార్చి, సంచి భుజాన వేసుకుంటుంటే విజయకుమారి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఫోను ఎలాగూ చేస్తావు. వెళ్ళే ముందు ఓసారి వాడి పక్కన కూర్చో. అడక్కపోయినా, ఏం కూర తిన్నావో చెప్పు. నిజం చెప్పకు తల్లీ. అబద్ధం చెప్పి, చెయ్యి వాసన చూపించు."