తీగలో తప్పు లేదు

“తీగ తెగితే పట్టుకోవచ్చండీ. మా అక్క కారులో అది తెగలేదు, కాలలేదు, తుప్పు పట్టలేదు. మీటర్ ఎక్కడ పెట్టినా ‘నేను బాగానే ఉన్నాను బాబూ’ అనేది. బాగానే ఉన్నాననే రోగిని ఏ డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? ఆ డబ్బా మీద కూర్చోకండి, మూత ఊగుతుంది. ఇదిగో, ఈ సీటు మీద కూర్చోండి. ఏదో కారులోంచి ఊడదీసిందే, మెత్తగా ఉంటుంది.”

షెడ్డు యజమాని మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిన గంటసేపే చుక్క మేస్త్రి నోరు విప్పుతాడు, అదీ ఇలా మూలకొచ్చి కూర్చున్న గిరాకీతో. మిగతా వేళల్లో ఆయన నోట్లో స్క్రూలు ఉంటాయి, లేకపోతే మౌనం ఉంటుంది. ఆ పేరు ఆయన చేతిని చూసి పెట్టింది. కార్ల తీగలు అతకడమే ఆయన పని. సోల్డరింగ్ కడ్డీ కొసన సీసం ఒక్క చుక్క కరిగించి దింపుతాడు. అది రెండు తీగల పోచల్లోకి ఇంకిపోయి అద్దంలా ఆరిపోతుంది. రెండో చుక్క వేయడం ఎవరూ చూడలేదు. పైన వేడికి బిగుసుకునే జిగురు గొట్టం తొడుగుతాడు. ఇక అందులోకి నీటి బొట్టు కూడా దూరదు.

షెడ్డు ఆయన భార్య అన్నగారిది. రోడ్డు వెడల్పులో తన కొట్టు పోయినప్పుడు, ఒక్క నెల సర్దుకుందామని మేస్త్రి ఇక్కడికి వచ్చాడు. ఆ నెలకు ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. రేకుల షెడ్డు, కిటికీలు లేవు. వెనక మూలన ఆయన బల్ల. బల్లకూ వాకిలికీ మధ్య, కారు కిందికి దిగి పని చేసుకునే పొడవాటి గొయ్యి. గొయ్యి మీదికి కారు ఎక్కిందంటే పక్కన గోడకు మూరెడు సందే మిగులుతుంది. కారు కదిలేదాకా, బాగా సన్నటివాళ్ళు తప్ప, మూలలో ఉన్నవాడు మూలలోనే ఉండాలి. రెండుసార్లు వెళ్ళిపోతానన్నాడు మేస్త్రి. రెండుసార్లూ ఆ బావ ఆయన భుజం మీద చెయ్యి వేసి, “నీ చెయ్యి లేకపోతే ఈ షెడ్డు ఎక్కడిది బావా?” అన్నాడు. తిట్టి ఉంటే పోయేవాడే. పొగడ్త కాళ్ళకు చుట్టుకుంది. ఆ పైన బావ బయట బోర్డు కూడా రాయించాడు: ‘చుక్క మేస్త్రి జాయింట్ — బండి పోవాలి గానీ జాయింట్ పోదు.’

ఇక అక్క సంగతి. మేస్త్రి అక్క ఇంటింటికీ తిరిగి, మంచం దిగలేని వాళ్ళకు కట్లు మార్చే నర్సు. ఆవిడ కారుకు ఇరవై రెండేళ్ళు. అంత పాత బండ్లకు ఏటా పొగ పరీక్ష ఉంటుంది. మూడుసార్లు తప్పితే నంబరు కొట్టేస్తారు, బండి తుక్కుకు పోతుంది. రెండుసార్లు తప్పింది. మూడోది మూడు వారాల కిందట, ఒక మంగళవారం సాయంత్రం నాలుగింటికి. కారు పోతే అక్క పని పోయినట్టే. ఆ మందుల పెట్టె, ఆ దుప్పట్లు, ఆ తూకం మిషను మోసుకుని ఆవిడ రోజుకు తొమ్మిది ఇళ్ళు ఎక్కలేదు.

జబ్బేమిటో మేస్త్రికి తెలుసు. బండి పెట్రోలు తెగ తాగుతోంది, నల్లగా కక్కుతోంది. సైలెన్సర్ గొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. పొగ రుచి చూసి, ‘పెట్రోలు ఎక్కువైంది, తక్కువైంది’ అని ఇంజను కంప్యూటర్‌కు చెప్పడం దాని పని. అది ఒక్క క్షణం కుదురుగా ఉండకూడదు. మీటర్‌లో అంకె ఊయలలా పైకీ కిందికీ ఊగుతుండాలి. ఈ బండిలో బయల్దేరిన పావుగంట చక్కగా ఊగుతుంది. ఆ తర్వాత మెల్లగా నీరసించి అడుక్కు చేరి కూర్చుంటుంది. అప్పుడు కంప్యూటర్ ‘అయ్యో, పెట్రోలు చాలడం లేదు’ అనుకుని ఇంకా పోస్తుంది. అక్క ఊరు దాటి వెళ్ళి వరసలో నిలబడేసరికి ఆ పావుగంట ఎప్పుడో దాటిపోతుంది.

సెన్సార్ మూడుసార్లు మార్చాడు. దాని అసలు ప్లగ్గు ఏనాడో వేడికి కరిగిపోయింది. అందుకని ప్రతిసారీ కొత్త సెన్సార్ తోక కత్తిరించి, నాలుగు తీగలూ తన చేత్తో అతికాడు. మూడు సెన్సార్లూ అదే వరస. ‘సరుకు మంచిది రావడం లేదు’ అని మేస్త్రి, ‘దుకాణం వాడు దొంగ’ అని బావ.

ఆ మంగళవారం పొద్దున కారును గొయ్యి మీద పెట్టి, మేస్త్రి కింద దిగాడు. పైన కారు పొట్ట, రెండు వైపులా నూనె కారిన గోడలు, ముఖానికి బెత్తెడు దూరంలో వేడి గొట్టం. అక్క పైన సీటులో కూర్చుని ఇంజను ఆడిస్తోంది.

“ఒరేయ్, ఎంతసేపురా?”

“అక్కా, నువ్వు కాలు పెడల్ మీద పెట్టు, తాళం నోటికి పెట్టు.”

“నోటికి తాళం వేస్తే ఆ గోతిలో నువ్వొక్కడివే ఏడవాలి. నేనుంటే తోడు ఏడుస్తాను.”

ఒక్కో తీగా పట్టి చూశాడు. రెండు తెల్ల తీగలు సెన్సార్‌ను వేడి చేసేవి, వాటికి పన్నెండు వోల్టులూ సరిగ్గా అందుతున్నాయి. బూడిద రంగుది ఎర్తు, బాగుంది. నల్లది కబురు మోసే తీగ. సెన్సార్ దగ్గర ఎంత చూపిస్తోందో కంప్యూటర్ దగ్గరా అంతే. తీగను లాగాడు, వంచాడు, ఆడించాడు. అంకె చెదరలేదు. అలా చూస్తుండగానే పావుగంట దాటింది, అంకె కిందికి జారడం మొదలెట్టింది. జారుతున్నది కళ్ళెదుట కనిపిస్తోంది, పట్టుకోవడానికి తప్పే దొరకదు.

“తీగలో తప్పు లేదక్కా,” అన్నాడు. ఆ మాట బయటికి వచ్చాక గొయ్యి ఇంకా ఇరుకైనట్టనిపించింది. తప్పు ఉంటే దారి ఉండేది.

“మరి నాలుగింటికి నేనేం చెప్పాలిరా వాళ్ళకి? మా తమ్ముడు తప్పు లేదన్నాడండీ అనా?”

బావ వాకిట్లోంచి కేకేశాడు. “బావా! నాలుగో సెన్సార్ తెప్పించాను, పెట్టె నీ బల్ల మీదే ఉంది. తోక కోసి అతికేయ్. నీ జాయింటుకు తిరుగుంటుందా?”

మేస్త్రి పైకొచ్చి బల్ల దగ్గర పెట్టె విప్పాడు. సోల్డరింగ్ కడ్డీ వేడెక్కుతోంది. అక్క కారు దిగి, ఆ పక్క సందులోంచి తిట్టుకుంటూ దూరి వచ్చి, పెట్టెలోని మడత కాగితం తీసి విసురుకోసాగింది. మేస్త్రి ఏనాడూ ఆ కాగితాలు చదవలేదు. ఆయన చదువు నాలుగో తరగతి దగ్గర ఆగింది. ఆ తర్వాతదంతా చేతుల చదువు.

“అన్నట్టు ఒరేయ్, నువ్వు తిట్టకపోతే ఒక మాట చెబుతా. ఆ పంచర్లవాడు కట్టినప్పుడు పది రోజులు బండి బంగారంలా నడిచిందిరా.”

“ఏ పంచర్లవాడు?”

“ఏ పంచర్లవాడేంటి? రెండు నెలల కింద రాయి తగిలి తీగలు తెగితే రోడ్డు పక్కన కట్టించుకొచ్చాను కదా. నువ్వే కదా చూసి, ‘ఏ గాడిద కట్టాడిది?’ అని చిందులేసి, ఊడబెరికి మళ్ళీ అతికావు.”

మేస్త్రికి గుర్తొచ్చింది. తన జాయింట్లు నాలుగూ తెగ్గోసి పారేసి, తీగకు తీగ మెలిపెట్టి, పైన టేపు వదులుగా చుట్టాడు ఆ మనిషి. తాడు కట్టినట్టు ఉంది. దాన్ని చూసి ఆ రోజు ఆయనకు అన్నం సహించలేదు.

“పది రోజులు నడిచిందా? మరి అప్పుడే చెప్పవేం?”

“చెప్పాను. నువ్వు గాడిద దగ్గరే ఆగిపోయావు.” అక్క విసురుకోవడం ఆపి కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. “ఇదేంట్రా, ఇక్కడ నీ బొమ్మ వేసి కొట్టేశారు?”

బొమ్మలో తీగ ఉంది. తీగ మీద సోల్డరింగ్ కడ్డీ, కడ్డీ మీద అడ్డంగా పెద్ద గీత. పక్కన ఇంకో బొమ్మ, పట్టకారుతో నొక్కిన రేకు జాయింట్, దానికి గీత లేదు. కింద సన్నటి అక్షరాలు. అక్క మందుల చీటీల మీది ఇంగ్లీషు కొంత వచ్చిన మనిషి. కూడబలుక్కుని చదివింది. “సెన్సారు... లోపలికి కావలసిన గాలి... తీగ పోచల సందుల్లోంచి తీసుకుంటుంది... మూయరాదు.”

“తీగలోంచి గాలేంటే!”

“నన్నడుగుతావేం? రాసినవాణ్ణి అడుగు.”

మేస్త్రి పాత సెన్సార్ తోక ముక్క ఒకటి తీసుకుని, టైర్లకు గాలి కొట్టే గొట్టానికి బిగించి, రెండో కొస గ్లాసెడు నీళ్ళలో ముంచి, గాలి సన్నగా వదిలాడు. తీగ కొసన ఆవగింజంత బుడగ పుట్టి పైకి వచ్చింది. వెనకే ఇంకొకటి. తర్వాత తన జాయింట్ ఉన్న ముక్క తీసుకుని బిగించాడు. గాలి పెంచాడు, ఇంకా పెంచాడు. నీళ్ళు కదలలేదు. ఆయన చేతి పని అంత బాగా కుదిరింది.

లోపలి గాలికీ బయటి పొగకీ తేడా చూసి చెప్పడమే సెన్సార్ పని. లోపల ఉన్న కాస్త గాలీ పావుగంటలో అయిపోయేది. ఆపైన పోలిక చూడటానికి ఏమీ మిగిలేది కాదు. ఇన్నాళ్ళూ పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాడు. ఎంత శ్రద్ధగా అతికితే అంత గట్టిగా దాని ముక్కు మూశాడు.

“ఒరేయ్, ఆ మొహమేంట్రా? ఆక్సిజన్ ముసుగు గొట్టం మెలిపడి ఊపిరాడక కొట్టుకుంటున్న ముసలాయన్ని నేనూ ఒకసారి తిట్టాను, ఊరికే మారాం చేస్తున్నాడని. గంట దాకా గొట్టం చూడలేదు.”

“బతికాడా?”

“బతికాడు. ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. లే, టైమైపోతోంది.”

కొత్త సెన్సార్‌ను పెట్టెలోనే వదిలేసి మేస్త్రి మళ్ళీ గోతిలోకి దిగాడు. తన నాలుగు జాయింట్లూ తనే కోశాడు. తెలుపులు రెండూ ఎటైనా ఒకటే. నలుపుకు నలుపు, బూడిదకు బూడిద. పంతొమ్మిదేళ్ళుగా ‘చేతకానివాడి పనిముట్టు’ అని ఎగతాళి చేసిన పట్టకారుతో చిన్న రేకు గొట్టాలు నొక్కి కలిపాడు. పైన జిగురు లేని తొడుగు వదులుగా వేశాడు. మొదటి నొక్కు వంకరపోయింది, తీసి మళ్ళీ నొక్కాడు. అక్క ఇంజను వేసింది. పావుగంట అయింది, అరగంట అయింది. అంకె ఊగుతూనే ఉంది. కారు కింద ఆ వేడిలో నిలబడి మేస్త్రి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అక్క రెండుసార్లు పిలిచాక గానీ పలకలేదు.

పరీక్షలో కారు నెగ్గింది. అక్క హారన్ మోగిస్తూ వాకిట్లో ఆపి, దిగకుండానే “నెగ్గింది!” అని అరిచి, ఆలస్యమైన ఇళ్ళకు పరుగెత్తింది. షెడ్డులో ముగ్గురు గిరాకీలు ఉన్నారు. బావ వాళ్ళ ముందు మేస్త్రి వీపు చరిచి, “చూశారా? చుక్క పడిందంటే ఇక తిరుగులేదు!” అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మేస్త్రి బావకు ఉన్నదంతా చెప్పాడు, గ్లాసూ నీళ్ళూ చూపించి మరీ. బావ తెలివైనవాడు, బుడగ చూడగానే అర్థమైంది.

“ఎన్ని బండ్లకు వేసుంటావు?”

“గుర్తున్నవి ముప్పై. లేనివి ఎన్నో. సెన్సార్ తీగ తెగిందని ఎవరొచ్చినా ఇదే కదా చేశాను. వాటిలో తుక్కుకు పోయినవి ఎన్నో. పిలిపిద్దాం బావా, నొక్కి ఇచ్చేద్దాం. అరగంట పని.”

“పిలిచి ఏం చెబుతావ్? బోర్డు మీది మనిషే ముక్కు మూశాడని చెబుతావా? రేపటినుంచి లైటు తీగ అతకడానికైనా ఎవడొస్తాడు? నీ చెల్లెలు కూడా ఈ షెడ్డు కూడే తింటోందని మర్చిపోకు.” ఆవేశంలో తన చెల్లెల్ని మేస్త్రి చెల్లెలిని చేశాడు. ఇద్దరూ నవ్వలేదు. “ఇకనుంచి నొక్కు. పాతవాటి ఊసెత్తకు. అంతే.”

ఇది జరిగి మూడు వారాలు. లైట్లకూ హారన్లకూ మేస్త్రి ఇప్పటికీ చుక్కే వేస్తాడు, అక్కడ దానికి మించింది లేదు. సెన్సార్ తీగ వస్తే మాత్రం బల్ల కింద, ఎవరూ చూడకుండా పట్టకారు తీస్తాడు. రోడ్డు మీద ఏ పాత బండి నల్లటి పొగ వదిలినా ఆయనకు ఆ పూట పని సాగదు. వాకిట్లోకి వచ్చి అది మలుపు తిరిగేదాకా చూస్తాడు. వెంట పరుగెత్తి ఆపలేడు, చూడకుండా ఉండలేడు.

మేస్త్రి ఇదంతా చెబుతుండగానే గొయ్యి మీదికి మరో కారు ఎక్కింది. భోజనం నుంచి వచ్చిన బావ తనే తోలి తెచ్చి పెట్టాడు. మూలన వెలుగు తగ్గింది. మేస్త్రి గొంతు కూడా తగ్గింది.

“మీరు సన్నగా ఉన్నారు, ఆ గోడవారగా దూరి వెళ్ళిపోగలరు. నాకు ఇది దిగేదాకా కుదరదు. ఒక్క పని చేసి పెట్టండి. మీరు నాలుగు వీధులు తిరిగే మనిషి. నల్లపొగ వదిలే పాత బండి కనిపిస్తే ఆపి, సెన్సార్ తీగ ఎక్కడ అతికించారో అడగండి. ఈ షెడ్డు పేరు చెబితే, ఆదివారం పొద్దున మా అక్క ఇంటి ముందుకి తెచ్చుకోమనండి, నేను అక్కడుంటాను. ఎందుకని అడిగితే మేస్త్రి తప్పు చేశాడని చెప్పండి, పరవాలేదు. బావ దాకా మాత్రం రానివ్వకండి. ముందు ఆ బూడిద రంగు బండాయన్ని పట్టుకోండి, రోజూ పాల డబ్బాలు తెస్తాడు. ఆయన పరీక్ష ఈ నెలాఖరుకే. వెళ్ళండి, బావ ఇటే చూస్తున్నాడు.”